చీపురుపుల్లల సార్కోమియర్: బైపీసీ క్లాసులో కండర సంకోచం పాఠం

కండరం పొట్టిబడినప్పుడు దాని లోపల ఏది పొట్టిబడుతుంది? ఇంటర్ సెకండియర్ జువాలజీలో కండర వ్యవస్థ మొదలుపెట్టే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసి, జవాబు రాయొద్దు, బొమ్మ గీయండి అంటాను. మాది జిల్లా కేంద్రానికి కాస్త దూరంగా ఉన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీ. ఈసారి బైపీసీ సెక్షన్‌లో సగానికి పైగా పిల్లలు ఒకే బొమ్మ గీశారు. ఎడమ పక్క పొడుగు సార్కోమియర్ (కండర తంతువులో వరసగా పేర్చినట్టుండే, సంకోచించే చిన్న భాగం), కుడి పక్క పొట్టి సార్కోమియర్. రెండోదాంట్లో ఆక్టిన్ అనే సన్న ప్రొటీన్ పోగులు పొట్టిబడ్డాయి, మయోసిన్ అనే లావు ప్రొటీన్ పోగులు పొట్టిబడ్డాయి, మైక్రోస్కోపులో కనిపించే పట్టీలన్నీ ఒకే లెక్కన కుంచించుకుపోయాయి.

వీళ్లలో చాలామందికి స్లైడింగ్ ఫిలమెంట్ సిద్ధాంతం కంఠతా వచ్చు. కోచింగ్ మెటీరియల్ పుణ్యమా అని 'ఆక్టిన్ పోగులు మయోసిన్ పోగుల మీదుగా జారడం వల్ల' అని గడగడా అప్పజెప్పేస్తారు. అలా అప్పజెప్పిన పిల్లే బొమ్మలో మయోసిన్‌ను సగానికి కుదించింది. మాట ఒక గదిలో, బొమ్మ ఇంకో గదిలో ఉన్నాయన్నమాట. ఈ కేసు స్టడీ ఆ రెండింటినీ కలపడానికి మేం క్లాసులో చేసిన పని గురించి.

ఇందులో పిల్లల్ని తప్పుపట్టడానికేమీ లేదు. 1954 దాకా శాస్త్రవేత్తల్లోనే చాలామంది, కండరంలోని పొడవాటి ప్రొటీన్లు మడతపడి పొట్టిబడతాయని అనుకునేవారు. ఆ ఏడాది మే నెలలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వేసింది. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడెర్‌గెర్కెలది. వాళ్లు కప్ప కండర తంతువుల మీద పనిచేశారు. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. వాళ్లు తీసుకున్నది కుందేలు కండరం. హక్స్‌లీలిద్దరికీ చుట్టరికమేమీ లేదు. మైక్రోస్కోపులు వేరు, జంతువులు వేరు, కానీ ఇద్దరూ చూసింది ఒకటే: కండరం పొట్టిబడుతుంటే లేతగా కనిపించే ఐ-పట్టీ సన్నబడుతోంది, ముదురుగా కనిపించే ఎ-పట్టీ వెడల్పు మాత్రం మారడం లేదు. ఎ-పట్టీ అంటే మయోసిన్ పోగు పొడవే. అది మారలేదంటే పోగులు ముడుచుకోవడం లేదు, ఒకదాని సందుల్లోకి ఒకటి జరుగుతున్నాయి.

పాఠం మొత్తం నిలబడింది ఆ మారని వెడల్పు మీద. అందుకే క్లాసులో పెట్టే మోడల్ ముందు చూపించాల్సింది కదిలేదాన్ని కాదు, కదలనిదాన్ని అంటాను. సైన్స్ ఫెయిర్లలో తరచూ కనిపించే స్ప్రింగు మోడళ్లు, రబ్బరు బ్యాండు మోడళ్లు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. లాగితే సాగుతాయి, వదిలితే ముడుచుకుంటాయి, జడ్జీలు మెచ్చుకుంటారు. పిల్లల బుర్రలో ముందునుంచీ ఉన్న తప్పు బొమ్మ అక్కడే గట్టిపడుతుంది. యానిమేషన్ వీడియోలు వీటికన్నా నయం, కాకపోతే వాటి మీద స్కేలు పెట్టి కొలిచేది ఎవరు?

చీపురు, గ్రాఫ్ కాగితం

కొబ్బరి చీపురు ఒకటి ఉంటే క్లాసంతటికీ సరిపోతుంది. స్కేలు ఇలా పెట్టుకున్నాం: 1 మైక్రాన్‌కు 10 సెంటీమీటర్లు, అంటే లక్ష రెట్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). మయోసిన్ పోగు పొడవు సుమారు 1.6 మైక్రాన్లు, కాబట్టి 16 సెం.మీ. పుల్ల. ఆక్టిన్ పోగు సుమారు 1 మైక్రాన్, కాబట్టి 10 సెం.మీ. పుల్ల. మందం కూడా కలిసొస్తుంది. మయోసిన్ పోగు మందం దాదాపు 15 నానోమీటర్లు, లక్ష రెట్లు చేస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఆక్టిన్ అందులో సగం. చీపురుపుల్ల మొదలు, కొన కాస్త అటూ ఇటూగా ఈ మందాల్లోనే ఉంటాయి. మొదటి భాగం మయోసిన్‌కు, కొస భాగం ఆక్టిన్‌కు కోసుకున్నాం. పెద్ద మోడళ్లలో కనిపించే పైపులు, కర్రలు ఈ నిష్పత్తిని పాడుచేస్తాయి. ఇక్కడ డబ్బు పెట్టకుండానే పొడవూ మందమూ ఒకే స్కేలులో కుదిరాయి.

అట్ట మీద గ్రాఫ్ కాగితం అంటించి, మూడు లావు పుల్లల్ని వరసగా, మధ్య కాస్త సందు వదిలి ఫెవికాల్‌తో అతికించాలి. వాటి మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో చుక్కలు పెడితే అవే మయోసిన్ తలలు, ఆక్టిన్‌ను పట్టుకుని లాగేవి. పుల్ల నట్టనడుమ ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల మేర చుక్కలు పెట్టకూడదు. అసలు పోగులోనూ అక్కడ తలలుండవు. సార్కోమియర్‌కు రెండు చివరలా హద్దుగా ఉండి, ఆక్టిన్ పోగుల్ని పట్టి ఉంచేవి జెడ్-గీతలు. వాటికి పాత పెళ్లిపత్రికల అట్ట చక్కగా పనికొస్తుంది. ఒక్కో పట్టీకి నాలుగు సన్నపుల్లల్ని లంబంగా అతికిస్తే, అవి లావు పుల్లల సందుల్లోకీ, రెండు అంచుల పక్కకూ వస్తాయి. ఇలాంటి పట్టీలు ఎడమన ఒకటి, కుడిన ఒకటి. వీటికి జిగురు వద్దు, కాగితం మీద జరగాలి. నలుగురైదుగురికి ఒక అట్ట. కోయడం, అతికించడం పిల్లలే చేశారు. ఒక పీరియడ్ పూర్తిగా దానికే పోయింది.

ఆరాక కొలతలు మొదలు. జెడ్ నుంచి జెడ్‌కు 24 సెం.మీ. ఉండేలా పెట్టారు. నడుమ ఆక్టిన్ లేని చోటు, అంటే హెచ్-మండలం, 4 సెం.మీ. వచ్చింది. ఎ-పట్టీకి అటూ ఇటూ సగం ఐ-పట్టీ 4 సెం.మీ. చొప్పున వచ్చింది. జెడ్ పట్టీల్ని చెరో వైపునుంచి ఒక సెంటీమీటరు లోపలికి జరిపితే సార్కోమియర్ 22 అయింది, హెచ్ 2, సగం ఐ-పట్టీ 3. ఇంకో సెంటీమీటరు జరిపితే సార్కోమియర్ 20, హెచ్ సున్నా, సగం ఐ-పట్టీ 2. రికార్డులో ఎ-పట్టీ గడిలో మాత్రం 16, 16, 16.

ఇక్కడే మొదటి బెంచీలో ఒకమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. "మేడమ్, దీన్ని కొలవడం దేనికి? అది మారకుండా మనమే అతికించేశాం కదా!"

ఆ ప్రశ్న కోసమే ఈ మోడల్ చేయొచ్చు. ఆమె అన్నది నిజం. జిగురు పెట్టింది మనం, కాబట్టి ఎ-పట్టీ మారకపోవడం ఈ అట్ట రుజువు చేసిన విషయం కాదు, మనం ముందే అనుకున్న విషయం. అయితే రుజువు ఎక్కడుంది? జవాబు చెప్పకుండా ఆ జట్టుకు ఇంకో పని ఇచ్చాను. పుల్లల బదులు కాగితం పట్టీల్ని విసనకర్రలా మడతలు పెట్టి, పోగులే ముడుచుకునే పోటీ మోడల్ చేయమన్నాను. ఆక్టిన్ పట్టీల పొడవు 10 సెం.మీ., మయోసిన్ పట్టీలది 16 సెం.మీ., అదే గ్రాఫ్ కాగితం మీద. 24 నుంచి 20కి రావాలంటే ప్రతి పోగూ ఆరోవంతు పొట్టిబడాలి. అప్పుడు ఎ-పట్టీ 13.3 సెం.మీ. దగ్గరికి వస్తుంది. హెచ్-మండలం కొంచెం తగ్గుతుంది, మాయం కాదు.

ఇప్పుడు బల్ల మీద రెండు మోడళ్లున్నాయి, రెండూ వేర్వేరు జోస్యాలు చెబుతున్నాయి. తీర్పు చెప్పాల్సింది కండరం. సడలిన, సంకోచించిన కండరం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలు రెండు, ఒకే మాగ్నిఫికేషన్‌వి, ప్రింటు తీసి ఇచ్చాను. స్కేళ్లు పెట్టి కొలిచారు. ముదురు పట్టీ వెడల్పు రెండు ఫొటోల్లోనూ ఒకటే, లేత పట్టీ సన్నబడింది. మడతల మోడల్ ఓడిపోయింది. 1954లో జరిగింది స్థూలంగా ఇదే. మొదటి బెంచీ అమ్మాయి కాగితం మడతల్ని విప్పదీసి రికార్డులో అతికించుకుంది, పక్కన 'తప్పు' అని రాసి. ఇప్పుడీ పోటీ మోడల్ నా పాఠంలో శాశ్వతంగా చేరింది. ఎవరూ అడగకపోతే ఆ ప్రశ్న నేనే వేస్తాను.

అట్టను ఇంకాస్త సతాయిస్తే మరికొన్ని విషయాలు చెబుతుంది. జెడ్ పట్టీల్ని బయటికి లాగుతూ పోతే 36 సెం.మీ. దగ్గర సన్నపుల్లలు లావు పుల్లల్ని పూర్తిగా వదిలేస్తాయి. పట్టుకోవడానికి తలల ముందు ఆక్టిన్ లేదు కాబట్టి బలం పుట్టదు. లోపలికి నెడుతూ పోతే 20 దగ్గర సన్నపుల్లల కొనలు ఎదురెదురుగా గుద్దుకుంటాయి. 1966లో గార్డన్, ఆండ్రూ హక్స్‌లీ, జూలియన్ ఒక్కో కప్ప కండర తంతువును వేర్వేరు పొడవుల దగ్గర పట్టి బలం కొలిచారు. 2 నుంచి 2.2 మైక్రాన్ల దగ్గర బలం గరిష్ఠం, అంతకన్నా పొట్టిబడితే తగ్గుదల, 3.65 దగ్గర సున్నా. చీపురుపుల్ల చెప్పిన 36కూ కండరం చెప్పిన 36.5కూ తేడా అర సెంటీమీటరే. ఈ కొలతలన్నీ కప్పవి. మనిషి కండరంలో ఆక్టిన్ పోగులు ఇంకొంచెం పొడవుంటాయి, గరిష్ఠ బలం వచ్చే పొడవు కూడా ఆ మేరకు పెరుగుతుంది. నీట్‌కు చదివే పిల్లలకు ఇది అక్కర్లేదు గానీ, అడిగినవాళ్లకు చెప్పాలి.

తాడు, చీటీలు

అట్ట మీద జెడ్ పట్టీల్ని నెట్టింది మన వేళ్లు. కండరంలో లాగేది మయోసిన్ తలలు. ఆ ముక్క కోసం క్లాసును వరండాలోకి తీసుకెళ్లాం.

మధ్యలో ఆరుగురు వరసగా నిలబడ్డారు, ముగ్గురు అటు తిరిగి, ముగ్గురు ఇటు తిరిగి. వాళ్లు ఒక మయోసిన్ పోగు. రెండు వైపులా రెండు నైలాన్ తాళ్లు, అవి ఆక్టిన్. తాడు చివర ప్లాస్టిక్ కుర్చీ, అది జెడ్-గీత. కుర్చీని వెనక్కి మెల్లగా లాగుతూ ఒకడు, వాడు బరువు. ప్రతి మయోసిన్ ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని ఒక్క చేత్తోనే లాగాలి. ఎవరూ నిలబడ్డ చోటు నుంచి కదలకూడదు.

ముందు అందరి చేతా ఒకేసారి చేయించాను. 'లాగు' అంటే లాగారు, 'వదులు' అంటే వదిలారు. వదిలిన ప్రతిసారీ బరువు కుర్చీని వెనక్కి ఈడ్చుకుపోయింది. "మేడమ్, ఎంత లాగినా అక్కడే ఉంటున్నాం" అని గొడవ. బావిలో చేద లాగేటప్పుడు రెండు చేతులూ ఒకేసారి వదిలేస్తామా? ఒక చెయ్యి పట్టుకుని ఉంటేనే రెండోది ముందుకు జరుగుతుంది. తర్వాత ఎవరి వంతు వాళ్లదే, ఆదేశాలు లేవు అని చెప్పాను. కుర్చీలు రెండూ నెమ్మదిగా, వెనక్కి జారకుండా నడుమకు వచ్చాయి. ఒక్కో మయోసిన్ పోగులో దాదాపు 300 మయోసిన్ అణువులు, అణువుకు రెండు చొప్పున 600 తలలు. అవి కవాతు చేయవు. ఏ క్షణంలో చూసినా కొన్ని పట్టుకుని ఉంటాయి, కొన్ని వదిలి ఉంటాయి.

తర్వాత ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు. చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే. ప్రతి మయోసిన్ పక్కన చీటీలు పట్టుకుని ఒకరు నిలబడ్డారు. ఒక్కో చీటీ ఒక ఏటీపీ. నియమాలు ఇవీ: మొదట పిడికిలి తాడును పట్టుకునే ఉంటుంది. చీటీ చేతి మీద పెట్టగానే పిడికిలి విప్పాలి. పక్కనున్నవాళ్లు చీటీని రెండుగా చింపగానే చెయ్యి ముందుకు చాచాలి. పెద్ద ముక్క ఏడీపీ, చిన్న ముక్క ఫాస్ఫేట్. తాడును మళ్లీ పట్టుకున్నాక చిన్న ముక్క రాలుతుంది, అప్పుడు లాగాలి. లాగడం అయ్యాక పెద్ద ముక్క రాలుతుంది. ఇంకో చీటీ వచ్చేదాకా పిడికిలి విప్పకూడదు.

"లాగడానికి కదా మేడమ్ శక్తి కావాలి, వదలడానికి చీటీ ఎందుకు?" వెనక వరసలోంచి వచ్చిందీ ప్రశ్న. పుస్తకం చదివినవాళ్లకీ అర్థంకాని చోటిది. ఏటీపీ అణువు మొత్తంగా వచ్చి అంటుకోవడంతో తల ఆక్టిన్‌ను వదులుతుంది. దాన్ని చింపినప్పుడు వచ్చే శక్తి తలను ఎక్కుపెట్టి ఉంచుతుంది. లాగేటప్పుడు ఖర్చయ్యేది అప్పటికే దాచుకున్న శక్తి. చెయ్యి చాచిన ఆ భంగిమలోనే శక్తి ఉందని చెబితే అడిగినవాడు తల ఊపాడు, కానీ అసలు నమ్మకం చీటీలు అయిపోయాక వచ్చింది.

చీటీలు కావాలనే తక్కువ ఇచ్చాను. ఒక్కొక్కరే తాడు పట్టుకుని ఆగిపోయారు. ఆరుగురూ బిగుసుకున్నాక బరువు పిల్లాడిని కుర్చీ లాగమన్నాను. కదల్లేదు. "చనిపోయాక ఒళ్లు కొయ్యబారేది ఇందుకేనా?" అని ఎవరో అన్నారు. అవును. ఏటీపీ తయారీ ఆగిపోయాక కొన్ని గంటల్లో కండరాలు బిగుసుకోవడం మొదలవుతుంది, సుమారు పన్నెండు గంటలకు ఒళ్లంతా బిగుస్తుంది. మనవైపు మనిషి పోగానే కాళ్లు చేతులు సరిచేసి, కాలి బొటనవేళ్లు కలిపి కట్టే ఆచారం వాళ్లకు తెలుసు. ఆలస్యమైతే సరిచేయడం ఎందుకు కష్టమో ఇప్పుడు తెలిసింది. వెంటనే ఇంకొకడు, "మరి తర్వాత మళ్లీ మెత్తబడుతుంది కదా, ఏటీపీ ఎక్కడిది?" అన్నాడు. ఎక్కడిదీ కాదు. ఒకటి రెండు రోజుల్లో ఎంజైములు ప్రొటీన్లనే తెగ్గొడతాయి, పట్టు అలా వదులుతుంది. ఆటలాడేటప్పుడు పిక్క పట్టేయడం కూడా ఇదేనా అని అడిగారు. కాదు. అది నాడి ఆపకుండా ఆదేశాలు పంపడం వల్ల వచ్చే బిగుతు, అక్కడ ఏటీపీ ఉంటుంది, అందుకే సాగదీస్తే వదులుతుంది.

సంకోచాన్ని మొదలుపెట్టించే కాల్షియం సంగతి తొందరగా ముగించాం. తాడు మీద ఎర్రగుడ్డ ముక్కలు కట్టి, పట్టుకుంటే అక్కడే పట్టుకోవాలన్నాం. వాటి మీద పొడుగ్గా ఒక చున్నీ కప్పి ఉంచాం, అది ట్రోపోమయోసిన్. కాల్షియం పాత్రధారి వచ్చి చున్నీ పక్కకు లాగితేనే ఆట మొదలు, వెళ్లిపోతే మళ్లీ కప్పేయాలి. కాల్షియం వచ్చి అంటుకునే ప్రొటీన్ ట్రోపోనిన్ ఈ ఏర్పాటులో సరిగా ఇమడదు, దాన్ని బోర్డు మీద చెప్పడమే మేలు. ఒక ఉపయోగం మాత్రం ఉంది. చున్నీ కప్పేసినా, పట్టుకుని ఉన్న పిడికిళ్లు చీటీ లేకుండా విప్పడం కుదరదు. సడలడానికీ ఏటీపీ కావాలని పిల్లలే కనిపెట్టారు. కాల్షియాన్ని తిరిగి, కండర కణంలో అది నిల్వ ఉండే సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోకి తోడే పంపుకు కూడా ఏటీపీయే కావాలని నేను కలిపాను.

లెక్క ఒకటి

వరండా నుంచి లోపలికొచ్చాక మళ్లీ గ్రాఫ్ కాగితం. మయోసిన్ తల ఒక్క లాగుకు జరిపేది 5 నుంచి 10 నానోమీటర్లు. మన స్కేలులో అది అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు, అంటే గ్రాఫ్‌లో చిన్న గడి ఒకటి, ఒక్కోసారి సగమే. 24 నుంచి 22కు రావాలంటే ఒక్కో వైపు 1 సెం.మీ., అంటే పది నుంచి ఇరవై లాగులు. 'ఒక్క దెబ్బకు' సంకోచం అనుకున్న పిల్లలు ఇక్కడ ఆగారు. 20 సెం.మీ. పొడవున్న కండర తంతువు అనుకుంటే, 2.5 మైక్రాన్ల చొప్పున అందులో వరసగా 80,000 సార్కోమియర్లు. ఒక్కోటి 0.2 మైక్రాన్ తగ్గితే మొత్తం తగ్గుదల 1.6 సెం.మీ. మోచేయి వంచి చూసుకుంటూ లెక్క వేశారు.

కొన్ని వారాల తర్వాత, ముందు చెప్పకుండా, మొదటి ప్రశ్నే మళ్లీ ఇచ్చాను. ఎక్కువమంది ఎ-పట్టీని రెండు బొమ్మల్లోనూ ఒకే వెడల్పుతో గీశారు, కొందరు స్కేలు పెట్టి మరీ. బోర్డు పరీక్షలో కండర సంకోచ యాంత్రికం (సంకోచం జరిగే తీరు) వివరించమని దీర్ఘ ప్రశ్న వస్తే ఆ బొమ్మకే మార్కులు పడతాయి కాబట్టి వాళ్లకూ గిట్టుబాటే. పోని తప్పులు రెండు. హెచ్-మండలం మాయమైందంటే అక్కడి మయోసిన్ కూడా పోయిందని కొందరు రాశారు. పేరు పోయింది గానీ పుల్ల అక్కడే ఉందని అట్ట ముందు పెట్టి చూపించాల్సి వచ్చింది. రెండోది ఇంకా మొండిది: కండరం సడలితే దానంతట అదే పొడుగవుతుందని. "మేడమ్, జెడ్ పట్టీల్ని మళ్లీ బయటికి ఎవరు లాగుతారు?" అని అట్ట దగ్గర అడిగినవాళ్లకు మాత్రం ఈ తప్పు రాలేదు. కండరానికి నెట్టడం చేతకాదు. మోచేయి వంచేది బైసెప్స్, చాపేది దాని ఎదురు కండరం ట్రైసెప్స్, లేదంటే చేతి బరువు. ఈ అట్టకు ఎదురుగా రెండో అట్టను దారంతో కడితే, ఒకదాన్ని కుదిస్తే ఇంకోటి సాగుతుంది. వచ్చే ఏడాది అలా కట్టించాలనుంది.

నేను దూరం పెట్టిన రబ్బరు బ్యాండుకు కూడా ఒక చోటు దొరికింది. జెడ్-గీత నుంచి మయోసిన్ పోగు వెంట నడిమి దాకా టైటిన్ అనే పెద్ద ప్రొటీన్ ఉంటుంది. మన ఒంట్లోని ప్రొటీన్లలో అన్నిటికన్నా పెద్దది అదే. కండరాన్ని మరీ సాగదీస్తే అది వెనక్కి గుంజుతుంది. జెడ్ పట్టీకీ లావు పుల్ల చివరకీ మధ్య సన్న రబ్బరు కడితే టైటిన్ అయింది. కానీ దాన్ని ఎ-పట్టీ పాఠం పూర్తిగా అయ్యాకే కట్టాలి. ముందే కడితే సంకోచానికి కారణం రబ్బరే అని రాసేస్తారు.

అట్టలో కుదరనివి చాలా ఉన్నాయి. పుల్లలు ఒకే తలంలో ఉన్నాయి. అసలు కండరంలో ఒక్కో మయోసిన్ పోగు చుట్టూ ఆరు ఆక్టిన్ పోగులుంటాయి. థర్మాకోల్ ముక్కలో పుల్లల్ని నిలువుగా గుచ్చి అడ్డుకోత చూపిస్తే సరిపోతుంది. వరండాలో తాడు మెలి లేకుండా తిన్నగా ఉంది. ఆక్టిన్ పోగు మెలి తిరిగి ఉంటుంది, తలలు కూడా చుట్టూ సర్దుకుని ఉంటాయి.

ఒక్క పీరియడే దొరికేవాళ్లకు నా సలహా: తాడు ఆట వదిలేయండి, అట్ట, కాగితం మడతల పోటీ మోడల్, రెండు ఫొటోలు చేయించండి. ఆట ఒక్కటే ఆడిస్తే పిల్లలకు సరదా గుర్తుంటుంది, ఎ-పట్టీ గుర్తుండదు. పుల్లలు పచ్చి చీపురువి కాకుండా ఎండినవి తీసుకోండి. పచ్చివి ఆరేకొద్దీ వంకర తిరుగుతాయి, జెడ్ పట్టీ సగంలోనే ఇరుక్కుపోతుంది.